ఇంటి నీళ్ల లెక్కను తాళంలో కట్టడం ఎలా: చెన్నైలో నాట్యం చేసేవారికి ఒక పద్ధతి

చెన్నైలో ఉంటూ కూచిపూడినో భరతనాట్యాన్నో కొన్నేళ్లు అభ్యసించిన తెలుగువారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. నాట్యం నేర్చుకోనివారు కూడా చేత్తో ఆది తాళం వేయగలిగితే ఇందులో చాలా భాగం చేయవచ్చు. ఒక వారం పాటు మీ సొంత నీటి వాడకాన్ని కొలిచి, ఆ వాడకంలో మీ శరీరం ఏమేం చేస్తున్నదో గమనించి, ఆ రెండింటినీ కలిపి ఆరేడు నిమిషాల నృత్యంగా కట్టుకోవడం దీని ఉద్దేశం. నీళ్ల మీద నాట్యం అనగానే గంగావతరణమో, బీటలు వారిన పొలం ముందు కూలబడే రైతో, చివర్లో ‘నీటిని కాపాడుకుందాం’ అంటూ విప్పే బ్యానరో మనసులో మెదులుతాయి. వాటిలో దేనికీ మీ ఇంటి కుళాయితో సంబంధం లేదు కనుక వాటిని పక్కన పెట్టమని మొదటే కోరుతున్నాను. నీళ్లను మనం వాడేది పరిమాణంగా, పరిమాణాన్ని ఒంటితో గ్రహించడానికి మన నాట్యంలో ఉన్న సాధనం తాళం. అభినయం దాని తరువాతి మాట.

ముందుగా కొలత

పదిహేను లేదా ఇరవై లీటర్ల బకెట్టు, ఒక లీటరు సీసా, నీటికి చెరగని పెన్ను, ఒక నోటు పుస్తకం సిద్ధం చేసుకోండి. సీసాతో లీటరు చొప్పున బకెట్టులో పోస్తూ లోపలి వైపు గీతలు పెట్టండి. స్నానాల గదిలోని మగ్గు ఎంత పడుతుందో కూడా చూసుకోండి, ఎందుకంటే చాలా మగ్గులు నిండు లీటరు పట్టవు, పైగా మగ్గును ఎవరూ అంచు దాకా ముంచరు.

కుళాయి, షవర్ల ధారను కొలవడం సులువు. బకెట్టును కింద పెట్టి, ఎన్ని సెకన్లలో ఎన్ని లీటర్లు నిండాయో చూసి నిమిషానికి లెక్క కట్టండి. పదిహేను లీటర్లు నిండడానికి తొంభై సెకన్లు పడితే ఆ కుళాయి నిమిషానికి పది లీటర్లు ఇస్తున్నట్టు. ఈ కొలతను ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడొకసారి, అడుగంటినప్పుడొకసారి తీసుకుంటే మంచిది. ఫ్లష్ ట్యాంకు కోసం దానిలోకి నీళ్లు వచ్చే కుళాయిని కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి, పాత గీత వరకు మగ్గుతో మళ్లీ నింపండి. పాత ట్యాంకులు పది లీటర్లకు పైగా మింగుతాయి, రెండు బటన్లున్న కొత్తవి మూడు, ఆరు లీటర్లతో సరిపెడతాయి. వాషింగ్ మెషీను బయటికి వదిలే నీళ్లను బకెట్లలో పట్టి, ఇంట్లో ఎంతమంది బట్టలు ఉతికారో అంతమందికి పంచండి. ఆర్‌వో యంత్రం పక్క గొట్టం నుంచి పారబోసే నీళ్లను తప్పకుండా పట్టి చూడండి, ఎందుకంటే మీరు తాగే లీటరు కంటే అదే ఎక్కువగా ఉంటుంది. కాన్ నీళ్లు తెప్పించుకునేవారికి ఈ పని తేలిక, కాన్‌కు ఇరవై లీటర్లు.

కొలత మొదలుపెట్టగానే మనకు తెలియకుండానే స్నానం కుదించుకుపోతుంది. అందుకని మొదటి రోజు లెక్కను కొట్టేసి, రెండో రోజు నుంచి ఏడు రోజులు రాయండి. ఈ వారంలో పొదుపు చేయాలన్న ఆలోచన పెట్టుకోవద్దు.

పోల్చి చూసుకోవడానికి భారతీయ ప్రమాణాల్లో ఒక అంకె ఉంది. నగరంలో మురుగు కాలువ సౌకర్యం ఉన్న ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్లు. దాని పంపకం ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఇలా ఉంటుంది: స్నానానికి 55, మరుగుదొడ్డికి 30, బట్టలకు 20, గిన్నెలకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. ఈ వరుసను నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. నృత్యం మొత్తం దీని మీదే నిలబడుతుంది.

నీళ్లు వచ్చిన దారి

ఈ మెట్టుకు ఒక సాయంత్రం చాలు. మీ ఇంటి సంపులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అపార్ట్‌మెంటు కార్యదర్శిని, కాపలాదారుని అడిగి తెలుసుకోండి: గొట్టం నీళ్లు ఏ రోజుల్లో, బోరు నీళ్లు ఎంత, లారీ ఎన్నాళ్లకొకసారి. తొమ్మిది వేల లీటర్ల లారీ పై లెక్కన 66 మందికి ఒక్క రోజుకు వస్తుంది.

గొట్టంలో వచ్చేది పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువుల నీరు కావచ్చు, 2004 నుంచి వస్తున్న వీరాణం చెరువు నీరు కావచ్చు, 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో మొదలైన ప్లాంట్లలో ఉప్పు తీసిన సముద్రపు నీరు కావచ్చు. తెలుగువారికి చెప్పుకోదగినది మరొకటి ఉంది. ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉండగా 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం కృష్ణ నీరు శ్రీశైలం నుంచి సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, ఆపైన కాలువ మీదుగా పూండికి వస్తుంది. అది తొలిసారి పూండి చేరింది 1996లో. ఒప్పందంలోని 15 టీఎంసీలలో 3 దారిలోనే పోతాయని ముందే లెక్క కట్టి, 12 మాత్రమే సరిహద్దు దగ్గర అప్పగించాలని రాసుకున్నారు. ఐదింట ఒక వంతు నష్టాన్ని ఒప్పందంలోనే ఒప్పుకున్నారన్న ఈ సంగతి తరువాత నృత్యంలో పనికి వస్తుంది.

2019 జూన్ నాటికి నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు మీద నీళ్లు తెచ్చారు. ఒక రైలుకు యాభై ట్యాంకర్లు, మొత్తం 25 లక్షల లీటర్లు. ఆ రైలును 135తో భాగిస్తే పద్దెనిమిదిన్నర వేల మంది ఒక రోజు అవసరం తీరుతుంది. ఆ వేసవిలో మీరు ఈ ఊళ్లో ఉండి ఉంటే అప్పుడు ఏ పనిని ముందుగా మానుకున్నారో గుర్తు తెచ్చుకొని రాయండి. లేకపోతే మీ వీధిలో పాతకాపులను అడగండి.

శరీరం ఏం చేస్తున్నది

కొలత సాగే వారంలోనే ఈ పని కూడా జరగాలి. నీళ్లతో చేసే ప్రతి పనిలో శరీరం పడే శ్రమను, ఖర్చయ్యే నీళ్లను పక్కపక్కన రాయండి. రెండు మూడు రోజుల్లోనే ఒక సంగతి తేలుతుంది: శ్రమ ఎక్కడ తక్కువో నీళ్లు అక్కడే ఎక్కువ. ఫ్లష్ బటన్‌ను ఒక్క వేలితో నొక్కుతాము, అంటే చూపుడు వేలు చాచే సూచీ హస్తం, అంతే. పది లీటర్లు వెళ్లిపోతాయి, శరీరం నిశ్చలంగా ఉంటుంది. షవర్ కింద నిలబడినప్పుడు కూడా అంతే. అదే మగ్గుతో స్నానం చేస్తే వంగడం, ముంచడం, ఎత్తడం, పోయడం అని నాలుగు కదలికలు ఒక్కో ముప్పావు లీటరుకూ జరుగుతాయి.

శ్రమను ఒంటికి తెలియజేయడానికి ఒక పని చేసి తీరాలి. పదిహేను లీటర్లు పట్టే ప్లాస్టిక్ బిందెను నింపి కింది అంతస్తు నుంచి మీ ఇంటి దాకా మెట్ల మీద మోయండి. లీటరు నీళ్లు కిలో బరువు కనుక మీ నడుము మీద పదిహేను కిలోలు ఉంటాయి. వెన్నునొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవారు సగం బిందెతో ఆపుకోవాలి. మోస్తున్నప్పుడు ఎవరితోనైనా పక్క నుంచి, వెనుక నుంచి వీడియో తీయించండి. బిందె ఉన్న వైపు తుంటి బయటికి వస్తుంది, నడుం పైభాగం రెండో వైపుకు వాలుతుంది, ఖాళీ చెయ్యి దూరంగా చాచుకుంటుంది, మెడ తిరిగి ఎదురుగా నిలదొక్కుకుంటుంది. శిల్పాల్లో మనం మెచ్చుకొనే త్రిభంగి ఇక్కడ బరువు పెట్టిన వంపుగా కనిపిస్తుంది. నీళ్లు లోపల ఊగడం వల్ల అడుగు నిడివి కూడా మారుతుంది. వీడియోలో ఈ అడుగులను లెక్కించి రాసుకోండి, తరువాత కావాలి.

నీళ్లు మోసినవారిని అడగడం మరవవద్దు. మీ అమ్మమ్మకో పక్కింటి పెద్దావిడకో వీధి చివరి చేతి పంపు, తెల్లవారుజామున బిందెల వరుస బాగా గుర్తుంటాయి. “పంపు కొట్టేటప్పుడు ఏ కాలు ముందు పెట్టేవారు పిన్నిగారూ, ఒకసారి చేసి చూపిస్తారా?” అని అడగండి. మాటల్లో చెప్పించుకోవడం కంటే లేచి చేసి చూపించమనడం మేలు. భుజం, నడుము మరచిపోని సంగతులు కొన్ని కథలో రానే రావు.

మీ ఇంట్లో గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది వేరొకరైతే మీ లెక్కలోని నీళ్లలో కొంత భాగం వారి చేతుల మీదుగానే వెళుతోంది. వారి కదలికలను తీసుకోదలిస్తే ముందుగా అడిగి, నేర్పినందుకు గురువుకు ఇచ్చినట్టే డబ్బు ఇచ్చి, ప్రదర్శనలో వారి పేరు చెప్పవచ్చునా అని కూడా అడగండి. వద్దంటే ఆ కదలికలను వదిలేయండి. వంగి తోముతున్న మనిషిని చాటుగా ఫోనులో తీసి వేదిక మీద పెట్టడం నా దృష్టిలో దొంగతనమే.

లీటర్లను అక్షరాలుగా మార్చడం

ఐదు లీటర్లను ఒక అక్షరం, అంటే తాళంలో ఒక లెక్క, అనుకోండి. అప్పుడు 135 లీటర్లు 27 అక్షరాలవుతాయి. స్నానం 11, మరుగుదొడ్డి 6, బట్టలు 4, గిన్నెలు 2, ఇల్లు 2, వంట 1, తాగడం 1. పదకొండును తకధిమి, తకిటతకధిమి అని నాలుగు, ఏడుగా విడగొట్టుకోవచ్చు. ఆరుకు రెండు తకిటలు, నాలుగుకు తకధిమి, రెండేసి అక్షరాలకు తక, తక. వంటకు ఒక తా, తాగడానికి ఒక తై. ఈ వరుసను కూర్చొని తట్టుకళితో (తాళం కొట్టే కర్ర, చెక్కలతో) పలికి చూడండి. చివరి రెండు అక్షరాలు చెవిలో పడీపడకుండా వెళ్లిపోతాయి. ప్రాణం నిలిపే నీళ్లు మొత్తం 27లో ఆ రెండేనన్నది పలికితే తెలిసినంతగా పట్టికలో చదివితే తెలియదు.

27ను ఆది తాళంలో కూర్చాలి. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఎనిమిది అక్షరాలు. నాలుగు ఆవర్తనాలు 32 అక్షరాలు కనుక మొదటి ఆవర్తనంలో ఐదు అక్షరాలు విడిచి ఎత్తుకుంటే 27వ అక్షరంతో నాలుగో ఆవర్తనం పూర్తయి సమానికి, అంటే తాళం మళ్లీ మొదలయ్యే చోటికి, చేరతారు. అంటే మీ ఎత్తుగడ మొదటి ద్రుతంలోని (ఒక దెబ్బ, ఒక వీచు కలిసిన భాగంలోని) వీచు మీద పడుతుంది. ఇది తేలికైన చోటు కాదు. నట్టువాంగం చేసేవారితో (పలుకులు చెబుతూ తాళాలు వాయించేవారితో), లేదా తాళం వేసే స్నేహితులతో, తడబడకుండా వచ్చే దాకా సాధన చేయండి.

ఇప్పుడు మీ సొంత లెక్కను అదే ఎత్తుగడ నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకు వేళచ్చేరిలో షవర్‌తో స్నానం చేసే ఒక అమ్మాయి లెక్క ఇలా వచ్చిందనుకుందాం: స్నానం 70, ఫ్లష్ 40, బట్టలు 25, గిన్నెలు 15, ఇల్లు 5, వంట 5, ఆర్‌వో పారబోసినదానితో కలిపి తాగడం 10. మొత్తం 170 లీటర్లు, 34 అక్షరాలు. ఐదు విడిచి ఎత్తుకుంటే ఆమె సమాన్ని దాటి మరో ఏడు అక్షరాలు వెళ్లి, తరువాతి సమానికి సరిగ్గా ఒక్క అక్షరం ముందు ఆగిపోతుంది. తాళం తెలిసినవారికి ఆ ఆగడం పంటి కింద రాయిలా తగులుతుంది. దాన్ని సవరించవద్దు. ఎత్తుగడను మార్చి సమానికి తెచ్చుకోవాలని చేతులు ఉబలాటపడతాయి, మన శిక్షణ అంతా అందుకోసమే కదా. కానీ ఇక్కడ ఆ ఏడు అక్షరాలే మీరు చూపదలచిన విషయం. 120 లీటర్లతో గడిచిన రోజు 24 అక్షరాలకే ముగుస్తుంది, అప్పుడు మిగిలిన మూడు అక్షరాలు మోకాళ్లు సగం వంచిన అరమండిలో కదలకుండా నిలవండి.

ఏ రోజుకూ కాలాన్ని పెంచవద్దు. రెండో కాలంలో చేస్తే అదే సమయంలో రెండింతలు పడుతుంది, అక్షరానికి ఐదు లీటర్లన్న మాట చెదిరిపోతుంది. వేగం చూపించుకోవడానికి వేరే అంశాలు ఉన్నాయి.

నృత్యాన్ని మూడు భాగాలుగా అమర్చండి

మొదటి భాగం బిందెలు. 135 లీటర్లంటే పదిహేను లీటర్ల బిందెలు తొమ్మిది, ఒక్కో బిందె మూడు అక్షరాలు, అంటే ఒక తకిట. తొమ్మిది తకిటలను చాలా నెమ్మదిగా, వీడియోలో మీరు చూసుకున్న ఆ వంగిన నడకతో, వేదికను తొమ్మిది సార్లు దాటుతూ చేయండి. చేతిలో బిందె ఉండకూడదు. తొమ్మిదిలో ఐదో వంతు దారిలో పోయే నీళ్ల సంగతిని ఇక్కడే కలపవచ్చు. రెండు దాటింపులు మధ్యలోనే ఆగి, బరువు జారిపోయి, ఖాళీ ఒంటితో వెనుదిరగాలి. తొమ్మిదిలో రెండు ఐదో వంతు కంటే కాస్త ఎక్కువే, అంతమాత్రం స్వేచ్ఛ తీసుకోవచ్చు.

రెండో భాగం మీ ఏడు రోజులు. ఇదే అన్నింటికంటే పెద్ద భాగం, దాదాపు నాలుగు నిమిషాలు. అక్షరాల సంఖ్య నీళ్లను చెప్పాలి, కదలిక బరువు శ్రమను చెప్పాలి. ఈ ఒక్క నియమాన్ని కచ్చితంగా పాటిస్తే నృత్యం తనంతట తానే రూపు దిద్దుకుంటుంది. ఫ్లష్ ఎనిమిది అక్షరాలైతే మొదటి అక్షరంలో సూచీ హస్తం, మిగిలిన ఏడు నిశ్చలం. మెషీనులో ఉతికిన బట్టలకూ అంతే. రాతి మీద ఉతికిన రోజు ఉంటే ప్రతి అక్షరానికీ నడుము, భుజం, మడమ పూర్తిగా పనిచేయాలి. తాగే నీళ్లకు ఉన్న ఒక్క అక్షరంలో మెడ పైకెత్తి గుటక వేయడం మాత్రం ఏడు రోజులూ మారకుండా ఉంచండి. షవర్ రోజుల్లో కదలిక లేని పొడుగాటి అక్షరాలు ప్రేక్షకులకు విసుగు తెప్పిస్తాయేమోనని భయపడనవసరం లేదు. వాటి ముందూ వెనుకా బరువైన అడుగులు ఉంటే ఆ నిశ్చలత అర్థమవుతుంది.

మూడో భాగం పది అక్షరాలు. నీరు మానవ హక్కు అని ఐక్యరాజ్యసమితి 2010లో ప్రకటించింది. అవసరాలు తీరడానికి మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలన్నది ఆ సందర్భంలో ఎక్కువగా వినిపించే అంకె. యాభై అంటే పది అక్షరాలు. అందులో తాగడం, వంట తగ్గవు కనుక రెండు పోగా మిగిలినవి ఎనిమిది, సరిగ్గా ఒక ఆది తాళ ఆవర్తనం. ఆ ఎనిమిదిలో స్నానం, మరుగుదొడ్డి, బట్టలు, గిన్నెలు, ఇల్లు ఇమడాలి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, ఏది ఇంకొకదానితో కలపాలో మీరే తేల్చుకోండి, 2019 గురించి రాసుకున్న పేజీ ఇక్కడ అక్కరకు వస్తుంది. బట్టలు ఉతికిన నీళ్లనే మరుగుదొడ్డిలో పోసినవారు ఒకే కదలికలో రెండు పనులు చూపవచ్చు. మీకు వచ్చిన జవాబును నాలుగైదు సార్లు మార్చకుండా ఆడి అక్కడే ముగించండి.

హస్తాలు, చెంబు, చీర

అభినయ దర్పణం అనే నాట్య గ్రంథంలో వేళ్లన్నీ చాచిన పతాక హస్తం వినియోగాల్లో మేఘం, నది, అల మూడూ ఉన్నాయి, అందుకే నీళ్లనగానే చెయ్యి అటే పోతుంది. ఈ నృత్యంలో పతాకను ఒక్క చోట మాత్రమే, పూండి దాకా వచ్చిన నది కోసం, అనుమతించుకోండి. మిగిలినవన్నీ కుళాయి తిప్పే వేళ్లు, బకెట్టు పిడి పట్టిన పిడికిలి, మగ్గు పట్టిన మణికట్టు కావాలి. కుళాయి తిప్పే చెయ్యి కటకాముఖ హస్తానికి దగ్గరగా కనిపిస్తే సంతోషించండి గాని దాన్ని కటకాముఖంగా దిద్దవద్దు. దేవతల కథ లేకుండా శరీరం చేసే పని నుంచే నాట్యం కట్టవచ్చని బెసంట్‌నగర్‌లో నివసించిన నృత్య దర్శకురాలు చంద్రలేఖ 1980లలోనే చేసి చూపారు, కాబట్టి ఈ ఊళ్లో ఇది కొత్త సాహసమేమీ కాదు.

కూచిపూడివారికి మరొక ఆకర్షణ ఉంటుంది: తరంగంలో లాగా తల మీద నీళ్ల చెంబు పెట్టుకొని ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడడం. వద్దని నా సలహా. చెంబు ఎక్కగానే చూసేవారి దృష్టి అంతా అది పడుతుందా లేదా అన్న దాని మీదకు పోతుంది, లీటర్లను ఎవరూ లెక్కించరు. వేదిక మీద నిజమైన నీళ్లు కూడా ఇదే కారణంగా వద్దు, పైగా తడి నేల మీద అడుగు జారితే మడమ విరుగుతుంది. దుస్తులుగా ఇంట్లో కట్టుకొనే నూలు చీరో సల్వారో చాలు.

శబ్దం, చోటు

ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మీ మోటారు శబ్దాన్ని ఫోనులో పట్టి, దాని స్థాయికి దగ్గరగా ఉన్న శ్రుతిని తంబూరా యాప్‌లో పెట్టుకోండి. పాట అవసరం లేదు, సొల్లుకట్టు (తకధిమి లాంటి పలుకులు), తాళం, మోటారు చాలు. ప్రదర్శనకు అపార్ట్‌మెంటు మేడ అన్నింటికంటే తగిన చోటు, ట్యాంకులు వెనుక కనిపిస్తూనే ఉంటాయి. కార్యదర్శి అనుమతి తీసుకొని, ఎండకు కాలిన నేల చల్లారేలా సాయంత్రం ఆరున్నర దాటాక మొదలుపెట్టండి. తమిళుల మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, సంగీత నాట్య సభల హడావుడి ఉంటుంది కనుక అప్పుడు పెట్టుకోవద్దు. ఆడే ముందు ప్రేక్షకులకు ఒక్క మాట చెప్పండి: అక్షరం అంటే ఐదు లీటర్లు. అంతకంటే వివరణ ఇస్తే వారు తాళం వినడం మానేస్తారు.

మళ్లీ కొలవడం

మొదటి కొలతను ఏప్రిల్, మే నెలల్లో తీసుకొని ఉంటే రెండోసారి నవంబరులో, ఈశాన్య రుతుపవనాల వానల మధ్య తీసుకోండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు స్నానం పెరుగుతుందో, చలికి తగ్గుతుందో, ఆరని బట్టల వల్ల ఉతుకుడు మారుతుందో లెక్కే చెబుతుంది. కొత్త అంకెలు వచ్చాక రెండో భాగాన్ని మాత్రమే మార్చండి. తొమ్మిది బిందెలు, చివరి పది అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. పాత నోటు పుస్తకాన్ని పారేయవద్దు, ఎందుకంటే మే నెల నాటి ఏడు రోజులను, నవంబరు నాటి ఏడు రోజులను ఇద్దరు నర్తకులు ఒకే ఎత్తుగడ నుంచి పక్కపక్కన ఆడే రూపం తరువాత కట్టుకోవచ్చు. దానికి ఇద్దరు తాళం వేసేవారు అక్కర్లేదు, ఒకరే వేయాలి.